మా రోజుల్లో గుండుకో తూకం ఉండేది

విసురు వల గుండ్రంగా విచ్చుకుని పడాలంటే అంచునున్న సీసం గుండ్లన్నీ ఒకే తూకంలో ఉండాలి. ఇంత చిన్న సంగతి ఇవాళ కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికి పట్టదు. మొన్న నరసాపురంలో ఒక కొట్లో గుండ్లు అడిగితే గోనె సంచిలోంచి దోసిలితో తీసి తక్కెట్లో పోశాడు. కిలో లెక్కట. అందులో బఠాణీ అంతదీ ఉంది, ఉసిరికాయంతదీ ఉంది. ఒకదానికి బెజ్జం నడిమధ్యన ఉంటే ఇంకోదానికి ఓరగా పోయి చివర పగిలింది. ఇదేం సరుకయ్యా అంటే, "ఏదైతే ఏంటి తాతగారూ, నీళ్ళలో మునగడానికేగా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మునగడం కాదండీ, ఎలా మునిగిందన్నదే వేట. వల నీళ్ళ మీద పడ్డాక అంచంతా ఒక్కసారే కిందికి దిగాలి. ఓ పక్క బరువై ఓ పక్క తేలికైందనుకోండి, బరువు పక్క అడుగు తాకేసరికి తేలిక పక్క ఇంకా నడినీళ్ళలో వేలాడుతూ ఉంటుంది. కొయ్యింగ చేప తప్పించుకోడానికి ఆ సందు చాలు. గుండుకి రెండు గ్రాములు తేడా అంటే ఎవరికీ లెక్కలేదు. వంద గుండ్ల వలలో సగం వైపు అలా తేలిపోతే అదే వంద గ్రాములవుతుంది, విసిరేవాడి భుజానికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

పైగా అన్ని నీళ్ళకీ ఒకే గుండు పనికిరాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు మా ప్రాంతమంతా అల్లుకున్నాయి. ఒక్కో కాలవది ఒక్కో లోతు, ఒక్కో వడి. ఎర్రనీరు దిగే రోజుల్లో వశిష్ఠ గోదావరిలో వల వెయ్యాలంటే బరువు గుండు కావాలి, లేకపోతే వల అడుగు చేరేలోగా ప్రవాహం దాన్ని మడతపెట్టేస్తుంది. పంట బోదెకి తేలికది చాలు. అంతర్వేది వైపు ఉప్పునీటి బురదలో మరీ బరువైతే గుండు దిగబడిపోయి, లాగితే చేపకి బదులు మట్టి వస్తుంది. అందుకే మా పెదనాన్న ఏ నీటికి ఆ వల, ఏ వలకి ఆ గుండు ఉండాలనేవాడు. అంగట్లో దొరికేది కాదు గనక ఇంట్లోనే పోసుకునేవాళ్ళం.

ఆయన అచ్చు రెండు ఇనప చెక్కలు, ఓ పక్క బందు, రెండు పిడులు. మూసి పట్టుకుంటే లోపల గుండు ఆకారం ఖాళీ, పైన పోత పోసే చిన్న గరాటు. బెజ్జం కోసం నడుమ అడ్డంగా ఒక ఇనప పుల్ల దూర్చాలి. దానికి దీపం మసి పట్టించకపోతే సీసం అతుక్కుని రాదు. కొబ్బరి చిప్పల బొగ్గు మీద మూకుడు, అందులో సీసం. అది 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పొయ్యి వేడికి లొంగే లోహం. కరిగాక చిటికెడు మైనం వేసి కలిపితే మట్టీ మసీ తెట్టుగా పైకి తేలుతుంది. దాన్ని తీసేసి పొయ్యాలి. అచ్చు చల్లగా ఉన్నప్పుడు పోసిన గుండు ముడతలు పడి, మూలలు నిండకుండా వస్తుంది. అందుకని మొదట్లో వచ్చిన గుండ్లని చూడకుండానే మళ్ళీ మూకుట్లో వేసేవాడు. అచ్చు సమంగా వేడెక్కాకే గుండు నున్నగా మెరుస్తూ జారి పడేది.

అప్పుడు మొదలయ్యేది అసలు పని. కంసాలి తక్కెట్లో పెట్టి తూచేవాడు. బరువు ఎక్కువైతే ముందు లోపలి పుల్ల మార్చి లావుది వేసేవాడు. బెజ్జం పెరిగిన మేరకు సీసం తగ్గుతుంది. దాంతో కుదరకపోతే అచ్చు రెండు ముఖాల్నీ నున్నటి రాతి మీద నీళ్ళు చల్లి అరగదీసేవాడు, లోపలి ఖాళీ పలచబడుతుంది. అది మాటలతో అయ్యేది కాదు. ఓ పక్క ఎక్కువ అరిగితే ముఖాలు సరిగ్గా మూసుకోవు, ఆ సందులోకి సీసం పారి గుండు చుట్టూ పలచటి అంచు లేస్తుంది. ఆ అంచు వల దారాన్ని కోసేస్తుంది. అందుకని ఇలా రెండు సార్లు అరగదియ్యడం, దీపానికి అడ్డంగా పట్టి వెలుతురు సందులోంచి కనిపిస్తోందా అని చూడ్డం, మళ్ళీ అరగదియ్యడం.

బరువు చాలకపోతే ఏం చేసేవాడో ఇప్పటి కుర్రాళ్ళు ఎవరైనా చెప్పగలరా? రెండు చెక్కల మధ్య పలచటి రేకు పెట్టి మూస్తే బరువు పెరుగుతుంది గానీ గుండు గుడ్డు ఆకారానికి తిరుగుతుంది. సరైన పద్ధతి వేరు. అదే అచ్చులో పోసిన గుండుకి ఎమరీ పొడి, నూనె కలిపి రాసి, పుల్లతో సహా అచ్చులో పెట్టి మెల్లగా తిప్పుతూ ఉండాలి. సీసం మెత్తన గనక పొడి దాంట్లో పొదుక్కుంటుంది, అచ్చు లోపలి గోడ అన్నివైపులా సమంగా అరుగుతుంది. కాస్త అరగ్గానే కడిగి, పోసి, తూచాలి. తొందరపడ్డామా, చెడినట్టే. ఎందుకంటే గుండు అడ్డం పదో వంతు పెరిగితే బరువు మూడో వంతు పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల గుండు బెజ్జం లెక్క వదిలేస్తే సుమారు 10 గ్రాములు. 13 అయితే 13 గ్రాములు. మా పెదనాన్న బడికి వెళ్ళలేదు, ఈ లెక్క మాత్రం ఆయన వేళ్ళలో ఉండేది.

సీసం మారితే తూకమూ మారుతుందన్న జ్ఞానం ఇప్పుడు ఎవరికీ లేదు. ప్రెస్సుల్లో అక్షరాలు పేర్చే పద్ధతి పోయాక పాత అచ్చు అక్షరాలు తుక్కు కింద వచ్చేవి. వాటిల్లో సీసంతోపాటు ఆంటిమొనీ, తగరం ఉంటాయి. గుండు పదునుగా, నిండుగా వస్తుంది గానీ అదే అచ్చులో పోసినా తేలిక, రాతికి తగిలితే చిట్లుతుంది. కాబట్టి మేలిమి సీసానికి సరిచేసిన అచ్చులో దాన్ని పొయ్యకూడదు. పోసేముందు గోరుతో గీరి చూసేవాళ్ళం. గీత పడితే మెత్తటి సీసం, పడకపోతే కల్తీ.

ఇవాళ ఎక్కువగా దొరికేది బ్యాటరీ సీసం. దీనిమీదే నా అసలు ఫిర్యాదు. మా కాలంలో సీసం ఎంత విషమో మాకు చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు చంటిపిల్లాడి చేతిలో కూడా ఫోనుంది. ఇంత సీసం ఒంట్లోకి వెళ్ళినా ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకి మరీ హాని. అయినా పెరట్లో పాత బ్యాటరీ పగలగొట్టి, ఆసిడు నేలమీద పారబోసి, పొట్టు పొట్టుగా ఉన్న పలకల్ని అన్నం వండే గిన్నెలో కరగబెడతారు. చుట్టూ పిల్లలు. ఆ దుమ్ము ఇంటినిండా పరుచుకుంటుంది. తడి అచ్చులో సీసం పోస్తే నీళ్ళు ఒక్క క్షణంలో ఆవిరై, వెయ్యిన్నర రెట్లకు పైగా ఉబ్బి, కరిగిన లోహాన్ని మొహమ్మీదకి చిమ్ముతాయి. ఆ సంగతి మాకు తెలుసు, అచ్చుని పొయ్యి పక్కన ఆరబెట్టకుండా ముట్టుకునేవాళ్ళం కాదు. తెలిసినవాళ్ళ దగ్గర నిలబడి చూసే ఓపిక పోయాక ఇవన్నీ ఎవరు చెబుతారు?

బ్రిటన్‌లో సరస్సుల్లో పడిపోయిన గేలపు సీసం గుండ్లు మింగి హంసలు చచ్చిపోతున్నాయని 1987లోనే చిన్న గుండ్ల వాడకం ఆపించారు. మన దగ్గరా వల చిరిగి తెగిపడ్డ గుండ్లు కాలవల అడుగునే ఉంటాయి, ఎటూ పోవు. సీసం పోవాలంటే పోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. సీసం రాకముందు మన వలలకి కాల్చిన మట్టి గుండ్లు ఉండేవి. ఇప్పుడు కొందరు ఇనప గొలుసు కడుతున్నారు. గొలుసుకి ఒక గుణముంది, బరువు అంచంతా సమంగా ఉంటుంది. ఉప్పునీటికి తుప్పు పట్టి దారాన్ని తినేస్తుందన్నదే బాధ. ఏది కట్టినా ఈ నీటికి ఇంత బరువు అని తూచి కట్టండి. తంగూసు వల కొని, సంచిలో గుండ్లు గుప్పెడు పోసి, దొరికింది దొరికినట్టు గుచ్చేసి "చేపలు లేవు తాతా" అని నా దగ్గరికి రాకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పల్లెల్లో వలలు బాగుచేస్తారు. పెదనాన్న అచ్చు నా దగ్గరే ఉంది, ముఖాలు ఇంకా సరిగ్గా మూసుకుంటున్నాయి. నేర్చుకోవాలనుకున్న కుర్రాళ్ళు ఆ రెండు నెలల్లో రండి. పోత ఊరి బయట గాలివాటున, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే అన్నం. బ్యాటరీ ముక్క మాత్రం నా మూకుట్లో పడనివ్వను.