సెల్ఫు సూత్రం: మందమతిరంజని అను వ్యాఖ్య

మూలం: “సెల్ఫు పోయింది సార్. ఒరిజినల్ దొరకదు. కొత్తది వేసేద్దాం.”

అవతారిక: ఈ సూత్రత్రయం విజయవాడ ఆటోనగర్‌లో, రేకుల షెడ్డు కింద, మిట్టమధ్యాహ్నం వేళ, బానెట్టులోకి నడుం దాకా దిగిన ఒకానొక మేస్త్రి ముఖతః వెలువడింది. శ్రోత ఈ వ్యాఖ్యాతే. ప్రకృత విషయం మా నాన్నగారి మార్కు 2 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు బండి. తాళం తిప్పితే ‘టక్’ అని ఊరుకుంది. వక్త నుదుటి మీది చెమటనూ, శ్రోత జేబు మీది చేతినీ పాఠకుడు మనసులో ఉంచుకోవలెను.

సెల్ఫు: స్టార్టరు మోటారు. సెల్ఫ్ స్టార్టర్ అనే సమాసంలో రెండో పదం లోపించింది, భీమసేనుణ్ణి భీముడన్నట్టు. ఇక్కడ వేదాంతులు అడ్డు తగులుతారు: సెల్ఫనగా ఆత్మ, ఆత్మకు నాశం లేదు, మరి పోవడమేమిటి? సమాధానం: ఆ ఆత్మకు కార్బన్ బ్రష్షులు లేవు. దీనికి నాలుగున్నాయి. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ దీన్ని అమర్చేదాకా బండి ఆత్మ యజమాని భుజంలో ఉండేది. హ్యాండిలు పెట్టి తిప్పడమే. అంబాసిడర్ కొత్త మతం పుచ్చుకున్నా, పాత దేవుడికి కోపం రాకుండా హ్యాండిలుకూ చోటు ఉంచింది.

పోయింది: సూత్రానికి ప్రాణం ఈ క్రియలో ఉంది. కరెంటు పోయిందంటే వస్తుందని అర్థం. గుడి దగ్గర చెప్పులు పోయాయంటే రావని అర్థం. పక్కింటి తాతగారు పోయారంటే పదకొండో రోజు భోజనానికి వెళ్లాలని అర్థం. మేస్త్రి ఉద్దేశించింది మూడోది. వ్యాఖ్యాతకు మొదటిదే సమ్మతం.

నిర్ణయమెలాగ? హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాలి. లైట్లు బాగా మసకబారితే కరెంటు వెళుతోంది గానీ పని జరగడం లేదు: బ్యాటరీ నీరసమో, మోటారు బిగుసుకోవడమో. లైట్లు చెక్కుచెదరకపోతే కరెంటు మోటారు దాకా చేరలేదు, లేదా చేరినా బ్రష్షు దగ్గర ఆగింది. అసలు అన్నిటికంటే ముందు అనుమానించవలసింది ఎర్తు పట్టీని. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. బ్యాటరీకి తిరుగు దారి ఆ పట్టీయే. సెల్ఫు తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది. దారిలో కాస్త తుప్పు చాలు, మహానుభావుడు ‘టక్’ అని ఊరుకోవడానికి. పట్టీ విప్పి గరుకు కాగితంతో రుద్దే ఖర్చుకు ఏ ఎస్టిమేటులోనూ చోటుండదు.

ఇక బెండిక్స్, అంటే మోటారు పళ్ల చక్రాన్ని ఇంజనుతో కలిపే ఏర్పాటు. గ్రంథమంతటిలో రసవత్తరమైన ఘట్టమిది. పాత పద్ధతి సెల్ఫులో పళ్ల చక్రాన్ని తోసేవాడెవడూ లేడు. మరలు చుట్టిన గొట్టం మీద అది కూర్చుని ఉంటుంది. మోటారు ఒక్క ఉదుటున తిరుగుతుంది. చక్రం సోమరి, వెంటనే తిరగదు. గొట్టం తిరిగి, చక్రం తిరగకపోయేసరికి ఆ మరల వెంట అది జరిగి ఫ్లైవీల్ రింగు పళ్లలో పడుతుంది. సోమరితనమే ఇక్కడ కర్త. ఇంజను అందుకున్నాక రింగే చక్రాన్ని వేగంగా తిప్పుతుంది. అది వచ్చిన దారినే పారిపోతుంది. కలవడం అద్వైతం, విడిపోవడం ద్వైతం. రెండూ అరనిమిషంలోపే ముగుస్తాయి కనుక మతాచార్యులకు వాదించే వ్యవధి లేదు.

ఈ మరలకు నూనె పెట్టరాదు. నూనెకు క్లచ్చు దుమ్ము అంటి పేస్టవుతుంది, చక్రం మధ్యలో ఆగిపోతుంది. కిరోసిన్‌తో కడిగి పొడిగా వదలాలి. వ్యాఖ్యాత ఒకప్పుడు ప్రేమ కొద్దీ చిక్కటి గ్రీజు పెట్టాడు. ఆ వారం బండిని తోసిన ఇరుగుపొరుగువారు ఇప్పటికీ పలకరించరు. చక్రం రింగులో ఇరుక్కుంటే మోటారు వెనక చిన్న మూత తీసి, లోపలి నలుపలకల కొసను స్పానరుతో తిప్పితే వదులుతుంది. ఆ కొస అందుకే పెట్టారు.

సార్: సంబోధన. ఎస్టిమేటుకు ముందు దీర్ఘం, తరువాత హ్రస్వం.

ఒరిజినల్: ఆటోనగర్ నిఘంటువులో ‘డూప్లికేటు కానిది’. లూకాస్ వారూ టీవీఎస్ వారూ కలిసి 1961లో పెట్టిన మద్రాసు కంపెనీ సరుకు అని రూఢి. దొరకదు: 2014లో ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ ఆగింది కాబట్టి ఈ మాటలో కొంత నిజముంది. అయితే ఒక శంక. దొరకదన్న ఒరిజినల్ ఆ క్షణాన ఎక్కడుంది? మేస్త్రి ఎడమచేతిలో ఉంది. విప్పి, ఆయనే పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో ఉన్నదాన్ని గురించి దొరకదనడం విరోధాభాస అలంకారం.

కాబట్టి ఆ మోటారునే లోపలిదాకా విప్పించాం. బ్రష్షులు నాలుగూ అరిగి స్ప్రింగులకు అందనంత పొట్టివయ్యాయి. ఇత్తడి రంగు బుష్షులు వదులై ఆర్మేచర్ ఊగుతోంది. కొత్త బుష్షును ఒక రోజంతా ఇంజనాయిల్లో నానబెట్టి దించాలి, లోపల బోరు గీకరాదు. గీకితే నూనె పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. కమ్యుటేటరును పెట్రోలు గుడ్డతో తుడిచి సన్నటి గాజు కాగితం పట్టాలి. రాగి పలకల మధ్య అభ్రకాన్ని తవ్వడానికి షెడ్డులోని కుర్రాడు రంపపు బ్లేడు తీశాడు. చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. డైనమోకు తవ్వుతారు, ఈ సెల్ఫుకు తవ్వరు. ఒకే తండ్రి బిడ్డలైనా ఆచారాలు వేరు.

వేసేద్దాం: ఈ ‘ద్దాం’లో వక్త, శ్రోత ఇద్దరూ ఉన్నారు. వేయడం ఆయన వంతు, ఇవ్వడం నా వంతు. కొత్త గేరు సెల్ఫు తేలిక, తక్కువ కరెంటుతో ఇంజనును చురుగ్గా తిప్పుతుంది, కాదనను. కానీ పళ్ల లెక్క, తిరిగే దిక్కు, రింగు పళ్ల వాలు ఏ వైపుందో చూడకుండా కొంటే కొత్త సెల్ఫూ, రింగూ, డబ్బూ మూడూ పోతాయి. పైగా దాని గొంతు మిక్సీ గొంతు. మా నాన్నగారి బండి ‘ఖణేల్’మని లేవాలి.

మూడో నాడు పాతదాన్నే బిగించబోతూ, మోటారు తీసిన కంతలోంచి టార్చి వేసి ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ మేస్త్రి ఇంకో సూత్రం పలికాడు: “రింగులో రెండు చోట్ల పళ్లు అరిగాయి సార్.”

రెండు చోట్లే ఎందుకన్నది తేలికే. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగినప్పుడల్లా దాదాపు ఆ రెండు చోట్లలో ఒక దగ్గరే ఆగుతుంది, సెల్ఫు దెబ్బంతా అక్కడే పడుతుంది. రింగు మార్చడానికి గేరుబాక్సు దించాలన్నదీ తెలిసిందే. ‘సార్’ దీర్ఘంగా వినబడింది. వ్యాఖ్యాత కలం మూసి, స్పానర్లు అందిస్తున్నాడు.