గేజీల కలహము

మహబూబునగరువాఁడనైన నాకు మీటరుగేజియే రైలు. నల్లగొండవాఁడైన నా మిత్రునికి బ్రాడ్‌గేజియే రైలు. వారి యూరిమీఁదుగాఁ బోవు బీబీనగరు–నడికుడి మార్గమున పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు. నిజాముకాలమున మా యూరిమీఁదుగా గద్వాలకు వేసిన పాతదారిలో సరిగా 1,000. ఈ భేదమును మే మిరువురము 87వ వంతునకు కుదించి, బొమ్మరైలుదారులుగా బల్లపై నిలిపి, తల నెరసినదాఁక తగవులాడుకొనుచు వచ్చితిమి.

లెక్కప్రకార మాయన పట్టాల యెడము 19.3 మిల్లీమీటర్లుండవలయును. అంగడిలో దొరకునది 16.5, అనఁగా ఐరోపా, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల దారికి తగిన కొలత. నాకుఁ గావలసినది 11.5, దొరకునది 12. అర మిల్లీమీటరు వృద్ధిగల నేను, దాదాపు మూఁడు మిల్లీమీటర్ల క్షయముగల యాయనను ఊరకుండనిత్తునా? “ఏందే అన్నా, నీ ఇంజను కాళ్లు దగ్గరికి వెట్టుకొని నిలవడ్డది, చలి వెడ్తున్నదా?” అందును. “నా లైన్ల ఇయ్యాల గూడ బండి నడుస్తున్నది తమ్మీ! నీ లైను పీకేసిండ్రు గద!” అని యాయన. ఈ మాటకు నాయొద్ద మందు లేదు. 1992లో దేశమెల్ల నొకే గేజి కావలెనను ప్రణాళిక బయలుదేఱెను. ఆ దశకముననే మా దారియు బ్రాడ్‌గేజి యయ్యెను.

అట్టకత్తిరించి పెట్టెలు చేసుకొన్న మాకు, త్రీడీ ప్రింటరుతో వై.పి. యను మీటరుగేజి పొగయింజను నచ్చొత్తి తెచ్చిన హైదరాబాదు కుఱ్ఱవాఁడు మొదట దొంగవలెఁ గనఁబడెను. కాని యా పొగగొట్టము, ఆ బాయిలరు చూచినపిదప మా సిద్ధాంతము చల్లఁబడినది. 1970ల దశకమున కాలిఫోర్నియావారు చిన్నరైళ్లకు కనుగొన్న యుపాయమునుగూడ అతఁడే చెప్పెను: ఎవరి బల్ల వారు చేసుకొని, అంచుల యెత్తు, పట్టాల చోటు, తీఁగెల జోడు మాత్ర మేకముగా నుంచినచో బల్లలన్నియుఁ గలియును.

కలిసినవి, గేజీలుమాత్రము కలియవు గదా! పూర్వము రెండు గేజీలు చేరుచోట హమాలీలు ఒక బండిలోని బస్తాలు మఱియొక బండిలోని కెత్తెడివారు. కావున మా బల్లల నడుమ నట్టి ప్లాట్‌ఫారము నొకదానిని లేపి, చింతగింజలకు గోనెగుడ్డ చుట్టి బస్తాలు చేసితిమి. 87వ వంతున చింతగింజ యించుమించు మీటరు బస్తాయే. కొండలకు మాకు ప్లాస్టరుతోఁ బని లేదు. చేను గట్టునుండి నున్నని గుండు నొకటి తెచ్చి పట్టాల ప్రక్క నిలిపితిమి. అదియే భువనగిరి దుర్గము. కంకరను టీజాలితో జల్లించునపుడు ఇంటివారి కంటఁబడక పనిచేయుట మాత్రము ఇరుపక్షములకును సమానమైన విద్య.

మిత్రుఁడు నేఁటికిని 16.5ను విడువలేదు, నేను 12ను విడువలేదు. అయినను గతమాసమున నా యింజను చక్రమిఱుసు విఱిగినపుడు దానిని సరిచేసినది బ్రాడ్‌గేజి చేయియే.

12 మిల్లీమీటర్ల పట్టాముక్క యెవరి యటుకపైన నున్నను పాతసామానువానికి తూకమునకు వేయవలదు; మహబూబునగరునకుఁ బంపుఁడు. 16.5 దొరకినచో నల్లగొండకు నేనే చేర్చెదను.