ఇవాళ ఎవరి దినం?

ప్రపంచ నిద్రా దినోత్సవ శుభాకాంక్షలు చెప్పడానికి మా బాబాయి నన్ను తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు నిద్ర లేపాడు. మార్చి నెల, శుక్రవారం. దిండు మీద పసిపాప, పక్కన నెలవంక, కింద గులాబీలు, వాటి మధ్య ఆరుతూ వెలుగుతూ శుభాకాంక్షలు. ఇంక నిద్రెక్కడిది?

ఆ రోజు రాజుకున్న మంట ఇప్పటికీ ఆరలేదు. మీ ఇంటి గ్రూపులోనూ ఇలాంటి బాబాయి ఒకాయన ఉండే ఉంటాడు కాబట్టి వర్ణన అక్కర్లేదు. మా బాబాయి బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ముప్పయ్యేళ్ళు పొద్దున్నే తేదీ స్టాంపు తిప్పి, కనబడ్డ కాగితం మీదల్లా కొట్టిన చెయ్యి. రిటైరయ్యాక ఊరుకోలేక మా మీద కొడుతోంది.

అసలు నాకు మొదటి పేచీ మాటతోనే. 'దినోత్సవం' అని నిండుగా రాస్తే గొడవ లేదు. అంత పొడుగు మాట బొటనవేలితో కొట్టే ఓపిక లేక బాబాయి 'దినం' దగ్గర ఆపేస్తాడు. మన ఇళ్ళల్లో దినం అంటే ఏమిటో, దానికి ఎవరెవరు వస్తారో, గారెలు ఎవరి పేరు చెప్పి వండుతారో వేరే చెప్పాలా? ఒక ఏడు సెప్టెంబరు 15న, విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజని, ఇంజనీరైన సొంత అల్లుడికి "అల్లుడుగారికి దినం శుభాకాంక్షలు" అని పంపాడు. వియ్యపురాలు మూడు రోజులు ఫోనెత్తలేదు.

మార్చి 20 పిచ్చుకల దినోత్సవం. అదే మార్చి 20 ఐక్యరాజ్యసమితివారి ఆనంద దినోత్సవం కూడా. పిచ్చుకలు కనబడటం లేదని ఏడవాలో, ఐక్యరాజ్యసమితి మాట మన్నించి నవ్వాలో తేల్చుకునేలోపే 21 వస్తుంది. మార్చి 30 ఇడ్లీది. చెన్నైలో ఇడ్లీలు చేసి అమ్మే ఒకాయన 2015లో మొదలుపెట్టాడు. ఆ రోజు మా ఇంట్లో ఉప్మా. ఫిబ్రవరి 10 పప్పుధాన్యాలది. పప్పు లేందే ముద్ద దిగని మనకి కందిపప్పు మీద అవగాహన కల్పించడానికి దేశదేశాల ప్రతినిధులు కూర్చుని తీర్మానం చేశారు. గుడ్డుకేమో అక్టోబరు రెండో శుక్రవారం కేటాయించారు. శుక్రవారం పూట మా ఆవిడ గుడ్డుని గుమ్మం తొక్కనివ్వదని వాళ్ళకెవరూ చెప్పలేదు కాబోలు.

మనకి లేవా ఇలాంటివి? అట్లతద్ది ఏమిటి మరి? ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లకంటూ ఒక పండగ ఏనాటి నుంచో ఉంది. కాకపోతే దానికి అట్లు పోసేవాళ్ళు. ఇప్పుడు అట్టు బొమ్మ పంపుతున్నారు.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మా గ్రూపులో 'భా'కి పొట్ట కింద ఒత్తు ఎగిరిపోయి 'తెలుగు బాషా' అవుతుంది. బాషా అంటే రజనీకాంత్ కదా బాబాయ్ అంటే, "వాడుక భాష కోసమేగా ఆయన పోరాడింది, వాడుకలో ఇలాగే ఉంది" అన్నాడు. అక్కడ నా నోరు పడిపోయింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆగస్టు 20. దోమల దినోత్సవం. పూలదండ మధ్యలో దోమ, అటూ ఇటూ దీపపు కుందులు. బతికున్న దోమకి దండేమిటని మొదట కోపమొచ్చింది గానీ, కాస్త ఆరా తీస్తే ఇది మన ఊరి పండగేనని తెలిసింది. 1897లో అదే రోజున సికిందరాబాదులో మిలటరీ డాక్టరు రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. ఈ రోజుని దోమల రోజు అనాలని ఆయనే ప్రకటించుకున్నాడు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇంకా ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు కథ హుస్సేన్ ఖాన్‌ది. మలేరియాతో మూలుగుతున్న ఆ మనిషిని దోమల చేత కుట్టించుకోమని, దోమకి ఒక అణా చొప్పున రాస్ బేరం కుదుర్చుకున్నాడు. పది దోమలు కుట్టాయి. పది అణాలు ముట్టాయి.

దోమకి అణా! నాలుగు రాత్రులు నేను దీని మీదే పడుకున్నాను. పడుకున్నానంటే, దోమలు పడుకోనివ్వక ఆలోచించాను. అదే హైదరాబాదులో అదే దోమ జాతికి ఇరవై రెండేళ్ళుగా నేను ఉచితంగా రక్తం పోస్తున్నాను. మా బాల్కనీలో సాయంత్రం కుర్చీ వేసుక్కూర్చుంటే తక్కువలో తక్కువ పది కుడతాయి. రోజుకి పది అణాలు. ఏడాదికి 3,650 అణాలు. రూపాయికి పదహారు చొప్పున 228 రూపాయల 2 అణాలు. ఇరవై రెండేళ్ళకి 5,018 రూపాయల 12 అణాలు. ఇది అసలు మాత్రమే, వడ్డీ కలపలేదు. లీపు సంవత్సరాల్లో ఆ ఒక్క రోజూ దోమలకి మాఫీ చేశాను. మోకాలి కింద ఒకటే దోమ మూడు చోట్ల కుడితే దాన్ని ఒకటిగా కట్టాలా, మూడుగానా? ఖాన్‌గారితో ఒప్పందం దోమకా, కాటుకా? ఈ సందేహం తీర్చేవాళ్ళు లేక చివరికి బ్యాంకు మనిషని బాబాయికే ఫోన్ చేశాను. "ఒకటిగానే కట్టరా, ఖాతాదారు ఒకడే కదా" అన్నాడు. మా ఆవిడ మాత్రం, "ఆ లెక్కలాపి దోమల బ్యాటు ఛార్జింగులో పెట్టండి" అంది. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కి పదకొండో అణా కూడా వచ్చినట్టు లేదు.

ఎక్కడికో పోయాను. మొన్న నవంబరు 19 సంగతి చెప్పాలి.

ఆ రోజు హాయిగా ఏడింటిదాకా నిద్రపోయాను. లేచి చూస్తే గ్రూపు కళకళలాడుతోంది. మా బావ తెల్లటి కమోడు బొమ్మకి గులాబీ తగిలించాడు. ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవం. కింద మా పిన్ని కూతురు మీసాల బొమ్మ పెట్టింది. అంతర్జాతీయ పురుషుల దినోత్సవం. రెండూ ఒకటే రోజు! మొదటిది 2001లో సింగపూరులో పుట్టిన మరుగుదొడ్ల సంస్థది, దాన్ని 2013లో ఐక్యరాజ్యసమితి నెత్తికెత్తుకుంది. రెండోది ట్రినిడాడ్‌లో ఒక చరిత్ర పంతులుగారు 1999లో తన తండ్రి పుట్టినరోజు చూసి పెట్టిన ముహూర్తం. పేపరు పట్టుకుని లోపలికెళ్ళి ముప్పావుగంటకి బయటికొచ్చాను. "మీ మగాళ్ళ సంగతి బాగా తెలిసినవాళ్ళే కలిపారండీ రెండిటినీ" అంది మా ఆవిడ. ఇద్దరం గట్టిగా నవ్వాం.

అమ్మ హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఏంట్రా అంత నవ్వు?" అంది. చెప్పాను.

"తారీఖెంత ఇవాళ?"

"పంతొమ్మిది."

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "మీ బాబాయేమన్నా పంపాడా?"

చూశాను. లేదు.

"పంపడులే" అంది అమ్మ.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. 10 వేల మంది పోయారని లెక్క. ఆ లెక్కని మా వైపు ఎవరూ ఒప్పుకోరు. మా వైపు వయసులు చెప్పేది కూడా దాన్ని బట్టే. వాడు ఉప్పెనకి పాలు తాగుతున్నాడు, ఇది ఉప్పెన తర్వాత మూడో ఏడు పుట్టింది, అలా. మా చిన్నత్తని నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర ఊళ్ళో ఇచ్చారు. పెళ్ళై అప్పటికి ఏడాది. ఇదంతా నాకు తెలిసిన సంగతే. నాకు తెలియనిది అమ్మ ఈనెలు తీస్తూ చెప్పింది. బాబాయికి అప్పుడు ఇరవయ్యేళ్ళు. నీళ్ళు తీశాక మొహానికి తువ్వాలు చుట్టుకుని పది రోజులు తిరిగాడట. మొహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు కాబట్టి ఎడమ ముక్కున ఎర్రరాయి పుడక ఉందేమోనని ఒక్కొక్కరినీ తిప్పి చూసేవాడట. దొరకలేదు. కళ్ళతో చూడందే నా కూతురికి దినం చెయ్యనివ్వనని నాయనమ్మ అడ్డం కూర్చుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెయ్యలేదు. ఆవిడ పోయాక చేద్దామని ఎవరూ అనలేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక గ్రూపు వెనక్కి జరుపుకుంటూ పోయాను. కిందటేడు నవంబరు 18న బాబాయి ఉన్నాడు. 20న ఉన్నాడు. 19న లేడు. అంతకు ముందేడూ అంతే. ఆ ముందేడూ అంతే.

మర్నాడు 5 గంటల 10 నిమిషాలకి ఫోను మోగింది. బెలూన్లు, రంగుల పెన్సిళ్ళు, పళ్ళూడిన పిల్లాడు. ప్రపంచ బాలల దినం శుభాకాంక్షలు. మనది నవంబరు 14నే అయిపోయింది కదా బాబాయ్ అని కొట్టి, చెరిపేశాను. ఆ వేళప్పుడు ఇంక నిద్ర పట్టదు. లేచి బ్యాటు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను.