ఉబ్బిన కండెన్సర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ ఒంటి మీద రాసి ఉన్న పూర్తి పేరు 1000 మైక్రోఫారడ్, 25 వోల్ట్, 105 డిగ్రీలు. పొడవులో నా చిటికెన వేలికి సగం కూడా లేరు. అయినా మా ఇంట్లో నలభై రెండు అంగుళాల టీవీ పన్నెండేళ్ళు మీ చెప్పుచేతల్లో నడిచింది. పిల్లల పుస్తకాల్లో మిమ్మల్ని కెపాసిటర్ అంటారు. ఫ్యానులో ఉండే మీ పెద్దన్నను మా ఊళ్ళో అందరూ కండెన్సర్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను.

మాది దొరవారిసత్రం. ఊరి పేరులోనే సత్రం ఉంది. సత్రానికి వచ్చినవాళ్ళు రెండు రోజులుండి తమ దారిన తాము పోవాలి. మీరు 2011 ప్రపంచ కప్‌కు ముందు టీవీ డొక్కలో కూర్చుని వచ్చారు. 2022 ఏప్రిల్‌లో మా మండలమే నెల్లూరు జిల్లాలోంచి లేచి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మీరు మాత్రం కదల్లేదు. కూర్చుని కూర్చుని పొట్ట పెంచారు.

ఆ ఏడాది చలికాలంలోనే మీ ఆగడం మొదలైంది. పొద్దున్నే రిమోట్ నొక్కితే ఎర్రలైటు మిణుకుమనేది, లోపల ఏదో టిక్కుమనేది, మళ్ళీ చప్పుడుండదు. కాసేపటికి ఇంకో టిక్కు. పది నిమిషాలు అలా సతాయించాక బొమ్మ వచ్చేది. మధ్యాహ్నం ఎండెక్కాక నొక్కితే రెండు నిమిషాలకే వచ్చేది. "చలికి అదీ ముడుచుకుంటోందండీ" అంది మా ఆవిడ. నవ్వేశాను. ఆమె అన్నదే అక్షరాలా నిజమని తెలిసేసరికి ఏడాది గడిచింది. మీ కడుపులోని ద్రవం ఎండిపోతున్నప్పుడు చల్లదనానికి మీలో నిరోధం పెరుగుతుంది, వెచ్చబడితే తగ్గుతుంది. అనుమానం వస్తే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో మీకు వేడిగాలి కొట్టి చూస్తారు. అప్పుడు టీవీ వెలిగిందంటే దొంగ దొరికినట్టే.

ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణి. 2023 ఆగస్టు 23 మాత్రం మీ ఖాతాలో అలాగే ఉంది.

జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచినప్పుడు మాకు టీవీతో పని పడలేదు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తుంటే మేం మిద్దెలెక్కి చూసుకునేవాళ్ళం. దిగడం అలా కాదు కదా, చంద్రుడి దక్షిణ ధ్రువం ఏ మిద్దె మీది నుంచీ కనపడదు. మా హాలు పెద్దది, టీవీ పెద్దది, అందుకని ఇరుగుపొరుగంతా మా ఇంటికే వచ్చారు. పది నిమిషాల మీ మర్యాద తెలిసినవాణ్ణే కాబట్టి ముందుచూపుతో ఐదూ నలభైకే రిమోట్ నొక్కాను. ఎర్రలైటు వెలిగింది, టిక్కుమంది, ఆరిపోయింది. 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ చంద్రుడి మీద దిగింది. పాతికమందిమి ఎర్రలైటు వంక చూస్తున్నాం. ఎదురింట్లోంచి చప్పట్లు వినపడ్డాయి. వెనక పీట మీద కూర్చున్న పెద్దామె "ఏం నాయనా, దిగిందా?" అంది. దిగిందవ్వా అన్నాను. "మరి మనకి దిగలేదే?" అంది. ఆరూ పదకొండుకు తమరికి దయ కలిగింది. అప్పటికి ప్రసంగాలు నడుస్తున్నాయి.

మర్నాటి నుంచి తలా ఒక తీర్పు. పులికాట్ మీది నుంచి వచ్చే ఉప్పుగాలికి తీగలు తిని ఉంటాయన్నారొకరు. నేనూ చాలాకాలం ఆ ఉప్పుగాలినే తిట్టుకున్నాను. గేటు గొళ్ళెం తిన్నది అదే, సైకిలు చువ్వలు తిన్నది అదే, కాబట్టి టీవీని కూడా దాని లెక్కలోనే వేశాను. బల్లి దూరిందన్నారు ఇంకొకరు. చివరికి మెకానిక్ వచ్చాడు. వెనక మూత కూడా తీయలేదు. రెండుసార్లు రిమోట్ నొక్కి, టిక్కు విని, "బోర్డు పోయింది సార్, ఈ మోడల్‌కి ఇప్పుడు దొరకదు. కొత్తది తీసుకోండి" అన్నాడు.

బోర్డు పోయింది! ఈ ఒక్క మాట చాటున మీలాంటివాళ్ళు ఎంతమంది బతికిపోతున్నారో. అరచేతి రెండింతలున్న పచ్చ పలక మీద నూటికి పైగా భాగాలుంటాయి. అందులో ఒకడు పొట్ట ఉబ్బి కూర్చుంటే పలక మొత్తానికి చావు చీటీ. నా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. మద్రాసు దూరదర్శన్ 1975లో మొదలయ్యాక, మా వైపు యాంటెన్నాలన్నీ దక్షిణానికే మొహం పెట్టుకుని ఉండేవి. అరవం రాకపోయినా అరవ సినిమా చూసేవాళ్ళం. డయనోరా, సాలిడేర్, హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, ఇవీ అప్పటి పేర్లు. షట్టరు తలుపుల చెక్కపెట్టె పాడైతే మెకానిక్ వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి రోజనం పొగ లేస్తుంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. గంట తర్వాత ఒక చిన్న గొట్టాన్ని అరచేతిలో పెట్టి, "ఇదీ మీ దొంగ" అని చూపించి పోయేవాడు.

ఇప్పటి మెకానిక్‌ను తప్పుపట్టి లాభం లేదు. సర్క్యూట్ బొమ్మ కంపెనీ ఇవ్వదు. మూడు గంటలు కూర్చుని ఎనిమిది రూపాయల భాగం మార్చి ఐదొందలు అడిగితే, "ఎనిమిది రూపాయల దానికా?" అంటాం. అదే బోర్డు మార్చి వేలు తీసుకుంటే నోరెత్తకుండా ఇస్తాం. బేరమాడేది అతని ఒళ్ళు వంచిన పనికే. ఇందులో నేనూ ఉన్నాను.

ఒక ఆదివారం ఆ మూతేదో నేనే తీసి చూద్దామని, మా ఆవిడా నేనూ కలిసి టీవీని దించి, మంచం మీద బొంత పరిచి బోర్లా పడుకోబెట్టాం. దాని బరువు అప్పుడు తెలిసింది. ఈ కాలం టీవీల్లా తెర వెనక ఎల్ఈడీలు కాదు, సన్నటి ట్యూబులైట్ల వరుస ఉంది. కరెంటు తీగ ముందురోజు రాత్రే పీకేశాను. అయినా మీ బోర్డులో మూలనున్న లావుపాటి పెద్దాయన ఉన్నాడే, 450 వోల్ట్ వాడు, అతన్ని నమ్మకూడదు. ప్లగ్గు పీకినా కడుపులో నాలుగొందల వోల్ట్‌ల దాకా దాచుకోగలడు. పాత వంద వాట్ల బల్బు తీగలు అతని కాళ్ళకు ఆనించి, మీటరులో సున్నా దగ్గరికొచ్చాకే చెయ్యి పెట్టాను. ఇది చదివి ఎవరైనా ఉత్సాహపడి డొక్కు పిక్చర్ ట్యూబ్ టీవీ మూత తీస్తారేమో, ఆ పని చేయకండి. అందులో ట్యూబు దగ్గర పాతికవేల వోల్ట్‌ల దాకా ఉంటుంది. అది తెలిసినవాళ్ళకే వదిలేయాలి.

మూత తీశాక బల్లి గుడ్ల పెంకులు రెండు, చచ్చిన చీమలు, బూజు కనిపించాయి. ఉప్పుగాలి జాడ ఎక్కడా లేదు. మీరు మాత్రం వరుసలో ఎదురుగా దొరికిపోయారు. మీ పక్కవాళ్ళ నెత్తి చదునుగా ఉంది, మీ నెత్తి బుడిపెలా లేచింది. మా మండలంలోని నేలపట్టులో గూడబాతు చేప మింగినప్పుడు గొంతుసంచి ఎలా ఉబ్బుతుందో, అచ్చం అలా. నెత్తి మీద ఆ గీతలు అందం కోసం గీశారనుకునేవాణ్ణి. లోపల ద్రవం చెడి వాయువు పుట్టినప్పుడు ఒక్కసారిగా పేలకుండా, ఆ గీతల దగ్గర విచ్చుకోవడానికట.

మీ వంశానికి 2000 ప్రాంతంలో ఒక మహమ్మారి కూడా వచ్చింది. తైవాన్‌లో తయారైన కండెన్సర్లలో ద్రవం సరిగా కుదరక, ప్రపంచమంతటా కంప్యూటర్ల మదర్‌బోర్డుల మీద ఇలాగే పొట్టలు ఉబ్బాయి. ఎవరో ఫార్ములా దొంగిలిస్తే సగమే చిక్కిందనే కథ కూడా ప్రచారంలో ఉంది. మీదీ ఆ రోగమే అనుకుని తిట్టడానికి సిద్ధపడ్డాను. తర్వాత లెక్క వేసి చూసి నోరు మూసుకున్నాను.

మీలాంటి మామూలు రకానికి 105 డిగ్రీల దగ్గర ఆయుష్షు 2,000 గంటలు. పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా అది సుమారుగా రెట్టింపవుతుంది. అంటే 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. రాత్రింబవళ్ళూ ఆ వేడిలోనే ఉంచితే మూడేళ్ళ ఎనిమిది నెలలు. మేం చేసిందేమిటి? పన్నెండేళ్ళలో ఒక్కసారి గోడ స్విచ్ ఆపలేదు. రిమోట్‌తో ఆపి, ఎర్రలైటు అలా వెలుగుతుంటే టీవీ నిద్రపోతోందనుకున్నాం. మీకు నిద్ర లేదు. పైగా మే నెల నెల్లూరు ఎండ. వెనక గాలాడని గోడ గూట్లో, మూడు పక్కలా చెక్క కొట్టించి, పైన మా ఆవిడ అల్లిన ముసుగు. మిమ్మల్ని మేమే పొయ్యి మీద పెట్టాం.

సోమవారం సూళ్ళూరుపేటలో లోకల్ ఎక్కి చెన్నై వెళ్ళాను. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో ఒక్కటి అమ్మరు, పది తీసుకోమన్నారు. 105 డిగ్రీలవే, కెపాసిటీ అంతే, వోల్టులు మాత్రం 35. ఎక్కువ వోల్టుది వేయవచ్చు, తక్కువది వేయకూడదు. లావు కొంచెం పెరుగుతుంది కనుక స్కేలు పెట్టి కొలిచి మరీ కొన్నాను. పది కలిపి ఎనభై రూపాయలు. ప్రయాణం ఖర్చు, మధ్యలో తిన్న భోజనం ఖర్చు మా ఆవిడకు చెప్పలేదు.

మిమ్మల్ని ఊడబీకేటప్పుడు ఒంటి మీది చార ఎటుందో బోర్డు మీద పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను. చార ఉన్న కాలు నెగటివ్. అటుదిటైతే కొత్తవాడూ మీలాగే ఉబ్బి మొదటిరోజే పోతాడు. చేతి వణుకుకు మొదటి అతుకు ముద్దగా వచ్చింది, తీసి మళ్ళీ వేశాను. మీ పక్కవాళ్ళిద్దరి నెత్తి చదునుగానే ఉన్నా, వాళ్ళదీ అదే వయసు కాబట్టి వాళ్ళనీ మార్చేశాను. ఇప్పుడు నువ్వు అగ్గిపెట్టెలో ఉన్నావు. బోర్డు మీద ఉన్నంతసేపే మీరు, తమరు.

గోడ గూట్లో వెనక చెక్క కూడా తీసేశాం. ముసుగు కుట్టుమిషన్ మీదికి మారింది.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ అలవాటు ప్రకారం రిమోట్ నొక్కి, కాఫీ కలుపుకు రావడానికి వంటింట్లోకి వెళ్ళింది. నాలుగు సెకన్లలో బొమ్మ, మాట, అన్నీ వచ్చేశాయి. గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇదేంటండీ, పాలింకా పొయ్యి మీద పెట్టనే లేదు" అంది.

ఇట్లు,
దొరవారిసత్రం నుంచి ఒక టీవీ యజమాని