జ్యేష్ఠానుగ సూత్రానికి ఐసెలిన్ టీక

మూలం: బహూనామేకనాళే భూతంత్రీర్జ్యేష్ఠానుగా.

(నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్, 250వ ప్రకరణం, 122వ సూత్రం, సి శాఖ. గీర్వాణీకరణ నాది.)

అవతారిక: న్యూజెర్సీ ఐసెలిన్‌లో బేస్‌మెంట్ పని మొదలుపెట్టిన ప్రతి తెలుగింటికీ పిలవకుండానే ఒక కోడ్ పండితుడు వస్తాడు. ఓక్ ట్రీ రోడ్డులో దోసె తింటూ కూడా "అది కోడ్ ఒప్పుకోదండీ" అంటాడు. ఏ సూత్రమని అడిగితే చట్నీ వైపు చూస్తాడు. అతని నిమిత్తమే ఈ శ్రమ.

ప్రతిపదార్థం: స్పష్టం. కష్టమైన చోట వ్యాఖ్యాతలందరూ ఇలాగే అంటారు.

పూర్వపక్షం: ఒకే పైపులో దీపాలకు 15 ఆంపియర్ల బ్రేకరు తీగలు, ప్లగ్గులకు 20, గరాజులో కారు చార్జరుకు 60. కూడితే 95. పట్టికలో 95 లేదు కనుక 100 దగ్గరికెళ్లి, 8వ నంబరు రాగి గ్రౌండు వైరు వేయాలని పండితమతం.

సిద్ధాంతం: కూడమని ఎవరన్నారు? సూత్రం జ్యేష్ఠుణ్ణే చూడమంది. పెద్ద బ్రేకరు 60, దానికి 10వ నంబరు రాగి చాలు. (అమెరికా గేజిలో నంబరు పెరిగితే తీగ సన్నం.) గ్రౌండు వైరు రోజూ కరెంటు మోసేది కాదు. ఎక్కడో తీగ ఊడి లోహానికి తగిలినప్పుడు, బ్రేకరు పడేదాకా ఆ వరదను భరించడమే దాని పని. మూడు సర్క్యూట్లూ ఒకే క్షణంలో చెడతాయని కోడ్ అనుకోలేదు.

విశేషాలు: ఇలా ఒక్కటే అన్నిటికీ పనికి రావడాన్ని మీమాంసకులు తంత్రమంటారు. జైమిని సూత్రాల్లో పదకొండో అధ్యాయమంతా ఇదే. దర్శపూర్ణమాసాల్లో ఒక్కోదానిలో ప్రధానయాగాలు ఎన్నున్నా ప్రయాజలనే అంగాలు ఒక్కసారే చేస్తారు, ఫలం అన్నిటికీ అందుతుంది. దేనికది విడిగా చేయాల్సింది ఆవాపం. హాట్ వైర్లు ఆవాపం, గ్రౌండు వైరు తంత్రం. భాష్యకారుడు శబరస్వామి ఇచ్చిన ఉదాహరణ ఇంకా సొగసైనది: పదిమంది బ్రాహ్మణుల నడుమ పెట్టిన ఒక్క దీపం పదిమందికీ వెలుగే. దీపమంటే గుర్తొచ్చింది, ఐసెలిన్ పక్కనే మెన్లో పార్క్. 1879 డిసెంబర్ 31న ఎడిసన్ అక్కడి క్రిస్టీ వీధిలో విద్యుద్దీపాలు వెలిగిస్తే చూడ్డానికి జనం రైళ్లలో దిగారు. అప్పుడా ఊరు రారిటన్ టౌన్‌షిప్‌లోది. 1954లో టౌన్‌షిప్పే ఎడిసన్ పేరు పెట్టుకుంది. నేషనల్ కోడ్ అచ్చయింది 1897లో. అంటే పద్దెనిమిదేళ్లు ఆ కోడ్‌కు పండితుడు లేకుండానే దీపాలు వెలిగాయి. మెదక్ దగ్గరి కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన వ్యాఖ్యాత మల్లినాథసూరి అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

ఇంతకీ పండితుడు ఏడీ? లావు తీగ వేస్తే ఇల్లు కాలదు, నాలుగు డాలర్లు ఎక్కువవుతాయి, అంతే. నా కోపం దాని మీద కాదు. ఎందుకని అడిగితే "మీకర్థం కాదు లెండి, కోడ్" అనే ఆ నిట్టూర్పు మీద. కోడ్ ఆన్‌లైన్‌లో ఎవరైనా ఊరికే చదవొచ్చు. అతను చదవలేదు.

అపవాదం: చదవకపోవడం నిజంగా కొట్టేది ఇక్కడ. పెరటి షెడ్డు దూరమని, వోల్టేజి పడిపోకుండా 20 ఆంపియర్ల సర్క్యూట్‌కు 12వ నంబరు బదులు 8వ నంబరు హాట్ వైరు లాగుతాడు. మంచిదే. కానీ హాట్ వైరు అలా పెరిగితే గ్రౌండూ అదే దామాషాలో పెరగాలని బి శాఖ. అంటే అదీ 8 కావాలి. అక్కడ మాత్రం 12తో సరిపెడతాడు. అక్కర్లేని చోట కూడిక, కావలసిన చోట మౌనం.

తాత్పర్యం: మంచి బిగింపులతో వేసిన ఉక్కు ఈఎంటీ పైపైతే, 118వ సూత్రం ప్రకారం పైపే గ్రౌండు, విడిగా తీగ లాగమని కోడ్ బలవంతం చేయదు. ప్లాస్టిక్ పైపైతే తీగ తప్పదు. పండితుడి కొటేషన్‌లో ఉక్కు పైపూ ఉంది, అందులో 8వ నంబరు తీగా ఉంది, రెంటికీ విడివిడిగా కూలీ ఉంది.