నాలుగు చక్రాల శబ్దమంజరి

కారు కొనేదాకా దాన్ని కళ్లతో చూడడం లోకంలో అందరూ చేసే పనే. కొన్న మూడో నెల నుంచి చెవులతో చూడడం మొదలుపెట్టేవారు మాత్రం ఒక ప్రత్యేక వర్గానికి చెందుతారు. రంగు వెలిసినా, తలుపు మీద గీత పడినా, పెట్రోలు ధర పెరిగినా అంతగా చలించని ఈ వర్గంవారు, మూడో గేరులో, నలభైకీ నలభై అయిదుకీ మధ్య వేగంలో, డ్యాష్‌బోర్డు వెనక ఎక్కడో 'చిటచిట'మన్నదంటే మాత్రం ఆ పూట అన్నం సహించక, ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతారు. వ్యవహారంలో వీరికి స్థిరమైన పేరంటూ లేదు కనుక, ఇక్కడ 'శబ్దగ్రాహి' అని పిలుచుకోవడం సౌకర్యంగా ఉంటుంది. శబ్దాన్ని పట్టుకునేవాడని దీనికి అర్థం, పట్టుకున్నదాన్ని వదలనివాడని తాత్పర్యం.

అంబాసిడర్ రాజ్యమేలిన కాలంలో ఈ జాతి పుట్టే వీలు లేదు. ఆ కారులో చప్పుళ్లు ఒంటరిగా కాక మందగా వచ్చేవి కనుక, సంతలో ఒక మనిషి గొంతు విడిగా వినపడనట్టే, వాటిలో ఏ ఒక్కటీ విడిగా చెవిని తాకేది కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాత, క్రమంగా అద్దాలు బిగించి ఏసీ వేసుకునే కార్లు మధ్యతరగతి ఇళ్లకు చేరాక, కారు లోపల నిశ్శబ్దం పెరిగింది. నిశ్శబ్దం పెరిగినకొద్దీ చిన్న చప్పుడుకు పెద్ద పీట దొరికింది. కార్ల కంపెనీలు సైతం శబ్దం, కంపనం, కుదుపు అనే మూడింటినీ కలిపి 'ఎన్‌విహెచ్' అనే పొడి అక్షరాలతో పిలుస్తూ, వాటిని అణచడానికి ప్రత్యేక విభాగాలను, ప్రతిధ్వని పుట్టని గదులను నడుపుతాయి. జీతం తీసుకుని అక్కడి ఇంజనీర్లు చేసే పనినే శబ్దగ్రాహి సొంత ఖర్చుతో చేస్తాడు.

ఈయనకు తెలుగు భాష చేసినంత సాయం మరెవరూ చేయలేదనాలి. చప్పుడును చప్పుడుతోనే చెప్పే మాటలను ధ్వన్యనుకరణాలంటారు. అవి తెలుగులో పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. ఆఫీసులో నాలుగు వాక్యాలు తెలుగులో మాట్లాడడానికి మొహమాటపడే ఉద్యోగి సైతం, కారు దగ్గరికి వచ్చేసరికి 'టక్కు'కూ 'టకటక'కూ, 'టకటక'కూ 'టకాటకా'కూ ఉన్న భేదాన్ని ఘనాపాఠిలా విడదీసి వినిపిస్తాడు. రెండుసార్లు పలికిన మాటలో రెండోదాన్ని వ్యాకరణం ఆమ్రేడితం అంటుంది. శబ్దగ్రాహి లెక్కలో ఆమ్రేడితం ఉంటే ఏదో అరిగి ఇంకా తిరుగుతోందని, లేకపోతే ఏదో విరిగి ఊరుకుందని అర్థం. ఈ విభజన నవ్వు పుట్టించేదే అయినా పూర్తిగా నిరాధారమైనది కాదు. స్టీరింగు మొత్తం తిప్పి మలుపు తీసుకునేటప్పుడు మాత్రమే 'టకటకటక' వస్తే, ఇంజను బలాన్ని ముందు చక్రాలకు చేరవేసే ఇరుసు చివరి కీలు అరిగిందని, దాన్ని కప్పిన రబ్బరు తొడుగు చినిగి, గ్రీజు కారిపోయి, దుమ్ము చేరిందని చాలావరకు నమ్మవచ్చు. వేగంతోపాటు హెచ్చే 'గుయ్'మనే రొద చక్రం బేరింగుది. కుడివైపు మలుపులో బరువు ఎడమ చక్రాల మీదకు వాలుతుంది కనుక, అప్పుడు రొద పెరిగితే ఎడమ బేరింగును అనుమానించాలి. పొద్దున్నే స్టార్టు చేయగానే 'కీచు'మని అరిచి సర్దుకునేది బెల్టు. చిన్నచిన్న గుంతల మీద 'లొడలొడ'మనేవి, మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే కడ్డీకి తగిలించిన లింకులో, వాటి పక్కనున్న రబ్బరు బుష్‌లో అయి ఉంటాయి. ఇంతవరకు సరిగ్గా విన్నవాడు సగం మేస్త్రీ కిందే లెక్క. చిక్కంతా శబ్దగ్రాహి ఇంతటితో ఆగకపోవడంలో ఉంది.

ఆయన చెవికి ఒక విచిత్రమైన అభిరుచి కూడా ఉంది. బ్రేకు ప్యాడ్ అంటే తిరిగే డిస్కును రెండువైపులా నొక్కి చక్రాన్ని ఆపే పలక. చాలా కార్లలో ఆ పలకకు ఒక చిన్న లోహపు రేకును కావాలనే అమరుస్తారు, పలక అరిగి పలచబడగానే ఆ రేకు డిస్కును ఒరుసుకుని కీచుమంటూ యజమానిని హెచ్చరిస్తుంది. తయారుచేసినవారు యజమాని కోసమే కూర్చి పంపిన ఈ అరుపును శబ్దగ్రాహి నెలల తరబడి పట్టించుకోడు, ఎందుకంటే అది వీధిలో అందరికీ వినపడుతుంది. అందరికీ వినపడే చప్పుడులో ఆయనకు రుచి ఉండదు. నాక్ సెన్సార్ మీద మాత్రం ఆయనకు పోటీ భావం ఉంటుంది. ఇంజను దిమ్మకు బిగించి ఉండే ఈ చిన్న పరికరం, సిలిండరులో ఇంధనం వేళ తప్పి మండినప్పుడు పుట్టే అదురును పసిగట్టి కారులోని కంప్యూటరుకు కబురు చేస్తుంది, కంప్యూటరు నిప్పురవ్వ పడే వేళను రవ్వంత వెనక్కి జరిపి తప్పును సర్దుతుంది. తనకన్నా ముందు విని, తనతో ఒక్క మాటైనా చెప్పకుండా పని ముగించేసే ఆ చెవిని ఆయన లోలోపల క్షమించలేడు.

కంపెనీ సర్వీసు సెంటరులో ఆయన పాండిత్యానికి తగిన గౌరవం దక్కదు. అక్కడ చల్లని గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చిన యువకుడు, "వేగం తగ్గించేటప్పుడు ముందు గర్రుమని, ఆ తరువాత చివర్లో టిక్కుమంటుంది" అన్న వర్ణనను ఆసాంతం విని, జాబ్ కార్డులో 'ముందు భాగంలో శబ్దం' అని రాసుకుంటాడు. ఇరవై ఏళ్లు వేదం చదివి వచ్చినవాణ్ణి వేలిముద్ర వేయమన్నట్టు ఉంటుంది ఆ క్షణం. తరువాత స్టీరింగు కింద ఉండే రంధ్రంలో స్కానరును గుచ్చుతారు. ఇంజను కంప్యూటరు దాచుకున్న తప్పుల చిట్టాను అంకెల గుర్తులుగా చదివే యంత్రం ఇది. ఉదాహరణకు 'పి0300' అంటే ఒకే సిలిండరుకు పరిమితం కాకుండా అక్కడక్కడా మంట తప్పుతోందని, అంటే షెడ్డు భాషలో 'మిస్సింగ్ కొడుతోంద'ని అర్థం. అయితే సెన్సార్ ఉన్న చోటి సంగతే స్కానరుకు తెలుస్తుంది, రబ్బరు బుష్‌కు సెన్సార్ ఉండదు. కాబట్టి అది తప్పేమీ లేదని తేల్చేస్తుంది, కారును శుభ్రంగా కడిగి బిల్లుతో సహా అప్పగిస్తారు. కడిగినందుకు చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడుతోందని శబ్దగ్రాహి దారి పొడవునా బాధపడతాడు.

ఆ మరునాడు ఆయన విజయవాడ ఆటోనగర్‌లో తేలుతాడు. లారీలకు బాడీలు కట్టే షెడ్లకూ, మరమ్మతులకూ, విడిభాగాలకూ పేరుపడ్డ ఆ పేటలో ఒకవైపు రేకు మీద సుత్తి, ఇంకొకవైపు ఇనుము మీద గ్రైండరు పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి. చీమ నడిచినంత చప్పుడును పట్టుకుని, వినిపిద్దామని అంత మోతలోకి రావడంలోని వైపరీత్యం ఆయనకు తోచదు. మేస్త్రీకి తోచినా అనడు. మేస్త్రీ పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, "రేజ్ చెయ్యండి సార్" అంటాడు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నప్పుడు స్టెతస్కోపుకు బీజం పడింది. స్క్రూడ్రైవరు దానికి వరసకు తమ్ముడే, గాలికి బదులు ఉక్కు గుండా శబ్దం నడుస్తుంది, అంతే తేడా. ఆ దృశ్యాన్ని చూస్తూ నిలబడిన శబ్దగ్రాహి ముఖంలో ఉండే భక్తి, కనకదుర్గమ్మ గుడి దగ్గర కొత్త కారుకు వాహనపూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజున కూడా కనపడి ఉండదు.

అసలు పరీక్ష ట్రయల్‌లో ఉంది. మేస్త్రీ స్టీరింగు పట్టుకుంటాడు, యజమాని పక్కన కూర్చుంటాడు, కారు బందరు రోడ్డు ఎక్కుతుంది. చప్పుడు రాదు. "ఆగు మేస్త్రీ, ఇప్పుడొస్తుంది చూడు" అని యజమాని ఆశగా అంటాడు, కానూరు దాటుతుంది, అయినా రాదు. పంతులు ఇంటికి రాగానే పద్యం మరిచిపోయే పిల్లవాడిలా కారు ఇలా ప్రవర్తించడానికి శాస్త్రీయమైన కారణాలే ఉన్నాయి. సైలెన్సర్ వేడి పైకి తగలకుండా అడ్డుపెట్టే పలచని రేకు బోల్టు వదులైనప్పుడు, ఇంజను ఒకానొక వేగంతో తిరిగితేనే ఆ అదురు రేకు సహజ కంపనంతో కలిసి 'జరజర'మంటుంది. ఆ వేగం దాటితే మౌనం వహిస్తుంది. ఎండకు ప్లాస్టిక్కు వ్యాకోచించి బిగుసుకున్న డ్యాష్‌బోర్డు చలవ పూట మళ్లీ కిర్రుమంటుంది. విజయవాడ వేసవి సంగతి తెలిసినవారికి ఈ వ్యాకోచం గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే శబ్దగ్రాహికి కారణాలతో పని లేదు, తన మాట పోయిందన్నదే ఆయన బాధ. అనుభవజ్ఞుడైన మేస్త్రీ ఆ బాధను గ్రహించి, "వచ్చిందండీ, లైట్‌గా వచ్చింది, లింకు రాడ్లు మార్చేద్దాం" అంటాడు. ఆ మాట అబద్ధం అనడానికి లేదు, పాతబడిన ఏ కారుకైనా లింకు రాడ్లు మార్చదగినవే. యజమాని ముఖం విప్పారుతుంది, ఎందుకంటే ఆయన కొన్నది లింకు రాడ్లను కాదు, సాక్షిని.

పార్కింగు విషయంలో కూడా ఈయన పద్ధతి వేరు. లోకమంతా నీడ కోసం, ఖాళీ కోసం వెతికితే, ఈయన గోడ కోసం వెతుకుతాడు. గోడ పక్కగా అద్దం దించి మెల్లగా పోతే చక్రాల చప్పుడు గోడకు తగిలి చెవికి తిరిగి వస్తుందన్నది మేస్త్రీలు వాడే పాత కిటుకు. బీసెంట్ రోడ్డు వంటి చోట కారు నిలపడానికి జాగా దొరకదని ఇతరులు విసుక్కుంటే, అక్కడి జనం గోలలో తన కారు తనకు వినపడదని ఈయన దూరంగా ఏ సందులోనో ఆపి నడిచి వస్తాడు. అపార్ట్‌మెంటు సెల్లారు మాత్రం ఆయన పాలిట సంగీత సభ. రాత్రంతా ఆగి ఉన్న ఇంజనులో ఆయిలు కిందికి జారుతుంది, కవాటాలను నడిపే ట్యాపెట్లకు అది మళ్లీ అందేదాకా కొన్ని క్షణాలు 'టికటిక'మనడం కొన్ని ఇంజన్లకు మామూలే; ఆ కొన్ని క్షణాలను వినడానికి ఆయన అయిదున్నరకే దిగి, బోనెట్టు ఎత్తి, సెల్ఫ్ కొడతాడు. మొదటి అంతస్తు వారు అసోసియేషన్ సమావేశంలో ఫిర్యాదు చేస్తారు, ఆయన తన కారు స్టార్టయిన చప్పుడు అంత పైకి వినపడిందన్న వార్తను రోగలక్షణంగా రాసుకుంటాడు. మధ్యలో ఎలుకలు తమ పాత్ర తాము పోషిస్తాయి. బోనెట్టు లోపలి వైపు శబ్దాన్ని పీల్చడానికి అమర్చిన ఉన్నిలాంటి పరుపును కొరికి అవి గూడు కట్టుకుంటాయి కనుక, శబ్దం నిజంగానే పెరుగుతుంది. ఆ ఒక్కసారి మాత్రం ఆయన చెప్పింది అక్షరాలా నిజమవుతుంది, అప్పటికే నమ్మేవారు మిగలరు.

ఇంటివారి పరిస్థితి సంక్షిప్తంగా చెప్పదగినది. కారులో పాట పెట్టకూడదు, ఏసీ పెంచకూడదు, పిల్లలు చిప్స్ నమలకూడదు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కితే, కాంక్రీటు వ్యాకోచించడానికి వదిలిన కీళ్ల మీద చక్రాలు వరసగా 'టబ్ టబ్'మంటాయి కనుక, ఆ మేరకు కుటుంబానికి మాట్లాడుకునే స్వేచ్ఛ లభిస్తుంది. లింకు రాడ్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు వరసగా మారిన తరువాత ఒకనాడు, సీటు కింద నుంచి చప్పుడుకు మూలం బయటపడుతుంది. ఎప్పుడో అన్నవరంలో సత్యనారాయణ వ్రతానికి తీసుకెళ్లి, తిరిగి వస్తూ జారవిడిచిన ఇత్తడి ఉద్ధరిణి అది. ఇల్లాలు దాన్ని కళ్లకద్దుకుని దేవుడి మందసంలో పెడుతుంది. ఆయన దాన్ని మళ్లీ తెప్పించి, సీటు ఇనుప కడ్డీకి రెండుసార్లు తగిలించి చూసి, "ఇది కాదు. ఇది టణటణ. ఆ చప్పుడు గణగణ" అని తీర్పు చెబుతాడు.

ఇటువంటివారి కారులో ఎక్కవలసి వచ్చిన పాఠకులు ఒక్క జాగ్రత్త తీసుకుంటే చాలు. బెంజి సర్కిల్ చేరేలోగా "వినపడిందా?" అన్న ప్రశ్న రాక తప్పదు, లేదంటే వినపడేదాకా తిప్పుతారు, వినపడిందంటే ఎటువైపు అని అడుగుతారు. రోడ్డు ఎడమ అంచునే గుంతలూ, కుంగిన మ్యాన్‌హోల్ మూతలూ ఎక్కువ కనుక ఎడమ ముందు చక్రం దగ్గరి సామానే ముందుగా అరుగుతుందని మేస్త్రీలు చెబుతారు. కాబట్టి ఎడమవైపు, ముందు చక్రం దగ్గర అని చెప్పి, దిగవలసిన చోటు వెంటనే గుర్తుచేయడం మంచిది.