ఆఫీసు ఖర్చు

లంచం చచ్చిపోయిందని మనకు కబురందడం ఇది మొదటిసారి కాదు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఒకసారి చచ్చింది. దస్తావేజు గంటలో చేతికొస్తుంది, ఇక మధ్యవర్తి బతుకు తెల్లారినట్టే అన్నారు. 2011లో మీసేవతో రెండోసారి, 2019 అక్టోబరు 2న గాంధీగారి సాక్షిగా గ్రామ, వార్డు సచివాలయాలు తెరిచాక మూడోసారి చచ్చింది. ఇన్నిసార్లు చచ్చినా దినం భోజనాలు మాత్రం దానికే మనం పెడుతున్నాం.

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో టీ తాగుతూ, ఈమధ్య స్థలం కొన్నవాణ్ణెవర్నైనా కదపండి. ఏ ఆఫీసని మాత్రం అడక్కండి, పాపం మళ్లీ అక్కడికే వెళ్లాల్సినవాడు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5. ఇంతవరకూ చలానా ఉంటుంది. ఆ తర్వాత దస్తావేజు లేఖరిగారు కళ్లజోడు పైకి తోసుకుని, చిత్తుకాగితం మీద ఇంకో అంకె వేస్తారు.

“ఇదేంటండీ?”

“ఆఫీసు ఖర్చండి.”

“చలానా కట్టాం కదండీ?”

“మీరు భలేవారండీ!”

అంతే, లెక్క తేలిపోయింది. అందులో ఆయన ఫీజెంత, లోపలికి వెళ్లేదెంత అని తవ్వబోకండి. 2015లో పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి మన ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరే కృష్ణలో కలిసింది. దిగువన బిందె ముంచి, ఇది ఏ నది నీళ్లో చెప్పమంటే ఎవడు చెబుతాడు?

లోపలి అయ్యగారు ఎవరి ముందూ చెయ్యి చాచరు. వారికి వచ్చేవన్నీ సందేహాలే. సరిహద్దులు సరిగా లేవు. లింకు డాక్యుమెంటు ఏదీ? సర్వర్ డౌన్. చిత్తుకాగితం మీది అంకె చెల్లగానే సర్వర్ లేచి కూర్చుంటుంది.

పట్టుకోరా అంటే, పట్టుకుంటారు. ఏసీబీవాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపుతారు. పుచ్చుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీరంగుకు తిరుగుతాయి. అందుకే తెలివైనవారు నోట్లు లెక్కపెట్టే శ్రమ బయటివాళ్లకు వదిలేసి, తాము సంతకాలకే పరిమితమయ్యారు.

2018లో అవినీతి నిరోధక చట్టం సవరించి, లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలన్నారు. బలవంతాన ఇచ్చానని ఏడు రోజుల్లో చెప్పుకుంటే మినహాయింపు. ఏడో రోజున మనవాడు ఫిర్యాదు రాయడు, శంకుస్థాపన కార్డులు రాస్తాడు. మొదటి కార్డు లేఖరిగారికే. ఆయనతో పని ఇంకా మిగిలే ఉంది కదా!